21-18, 21-19: ప్రతిసారీ ఇంతే తేడాతో ఓడిపోవడం దురదృష్టమా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ముందుగా చెబుతాను. మీ అబ్బాయికి పద్నాలుగేళ్లు, జిల్లా స్థాయిలో అండర్-15 బ్యాడ్మింటన్ సింగిల్స్ ఆడుతున్నాడు. ఈ ఏడాదిలో ఒకే ప్రత్యర్థి చేతిలో ఐదుసార్లు ఓడిపోయాడు, ఐదుసార్లూ స్కోరు 21-18, 21-19 దరిదాపుల్లోనే ఉంది. కోచ్ గారు తేడా చాలా కొంచెమే అంటున్నారు, ఇంట్లోవాళ్లు అదృష్టం కలిసిరావడం లేదంటున్నారు, బంధువు ఒకరు చివరి పాయింట్ల దగ్గర వాడు భయపడుతున్నాడని తేల్చేశారు. రాత్రిపూట కంప్యూటర్‌లో ఆడే షూటింగ్ గేమ్‌లో కూడా ర్యాంకు పెరగడం లేదని, దానికి పింగ్ (కంప్యూటర్‌కూ గేమ్ సర్వరుకూ మధ్య నెట్ ఆలస్యం) కారణమని అబ్బాయి చెబుతున్నాడు. తేడా అంత కొంచెమే అయితే ఐదింటిలో ఒక్కటైనా ఎందుకు గెలవలేదు, మంచి రాకెట్టు, మంచి మానిటర్ కొనిస్తే ఆ కొంచెం పూడుతుందా అన్నది మీ సందేహం.

తేడా నిజంగానే కొంచెం. వరసగా ఐదుసార్లు ఓడిపోవడానికి ఆ కొంచెమే చాలు. ప్రతి ర్యాలీలోనూ, అంటే ఒక్కో పాయింటు కోసం సాగే ఆటలోనూ, మళ్లీ మళ్లీ పనిచేసే చిన్న తేడాయే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఒక్కసారి తగిలి పోయే చిన్న తేడా ఎంత బాధపెట్టినా దాన్ని చూసి సాధన మార్చుకోకూడదు. మీ అబ్బాయి విషయంలో ఉన్నది మొదటి రకం తేడా అని స్కోర్లే చెబుతున్నాయి. రాకెట్టు, మానిటర్ కొనడం ప్రస్తుతానికి ఆపండి. భయం సంగతి లెక్క చూసిన తరువాత తేల్చవలసినదే గాని, గ్యాలరీలో కూర్చుని తేల్చగలిగేది కాదు.

నేను గణాంకశాస్త్రం చదువుకుని, ఇరవై రెండేళ్లుగా విజయవాడలో పిల్లలకు షటిల్ నేర్పుతున్నాను. మా అమ్మాయి ఇంజినీరింగ్ చదివే రోజుల్లో కళాశాల జట్టు తరఫున షూటింగ్ గేమ్‌ల పోటీలు ఆడింది; ఆమె పక్కన కూర్చుని ఆ ఆటలను కూడా కాగితం మీద లెక్కపెట్టే అలవాటు నాకు ఉండేది. అందువల్ల రెండింటి గురించీ కొంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

ముందుగా మీ స్కోరునే తీసుకుందాం. 21-18, 21-19 అంటే మొత్తం 79 ర్యాలీలు. అందులో ప్రత్యర్థి గెలిచినవి 42, మీ అబ్బాయి గెలిచినవి 37. మూడంటే మూడు ర్యాలీలు అటువైపు నుంచి ఇటువైపు వచ్చి ఉంటే లెక్క 40-39 అయ్యేది. శాతాల్లో చెబితే ప్రత్యర్థి సుమారు 53, మీ అబ్బాయి సుమారు 47. వందకు 53 అంటే వినడానికి దాదాపు సమానమే అనిపిస్తుంది. కానీ ర్యాలీకి 53 శాతం అవకాశం ఉన్న ఆటగాడు 21 పాయింట్ల గేమ్‌ను గెలిచే అవకాశం దాదాపు 65 శాతం అవుతుంది, మూడింట రెండు గేమ్‌లు గెలవవలసిన మ్యాచ్‌కు వచ్చేసరికి అది 72 శాతం దాకా పెరుగుతుంది. ఇలాంటి మ్యాచ్‌లు ఐదు జరిగితే ఐదూ అతడే గెలిచే అవకాశం ఐదింట ఒక వంతు ఉంటుంది. ఐదింట ఒక వంతు అంటే అరుదైన సంగతి కాదు. మన పిల్లవాడి మీద ఏదో శాపం ఉన్నట్టు అనుకోవలసిన అవసరం లేదు. అలాగే ఒక్కసారి గెలిచినంత మాత్రాన అంతా సర్దుకుందనీ అనుకోకూడదు.

ఈ పెరుగుదల ఎంత వేగంగా ఉంటుందో గమనించండి. ర్యాలీకి 51 శాతం ఉంటే మ్యాచ్‌కు 57 లేదా 58, ర్యాలీకి 52 ఉంటే మ్యాచ్‌కు సుమారు 65, ర్యాలీకి 55 ఉంటే మ్యాచ్‌కు 83 దాకా, ర్యాలీకి 60 ఉంటే మ్యాచ్‌కు 97 దాకా వెళుతుంది. మన కంటికి చిత్తుగా ఓడినట్టు కనిపించే 21-14 స్కోరు కూడా నిజానికి ర్యాలీల్లో 60కి 40 మాత్రమే. ఈ లెక్కలో ప్రతి ర్యాలీ ముందరి ర్యాలీతో సంబంధం లేకుండా జరుగుతుందన్న ఊహ ఒకటి ఉంది. నిజమైన ఆటలో అలసట ఉంటుంది, ఊపు ఉంటుంది, గాలి వాలు ఉంటుంది. అయినా నేను నా పిల్లల మ్యాచ్‌లతో పోల్చి చూసిన ప్రతిసారీ ఈ అంకెలు పెద్దగా తప్పలేదు.

ఆట ఎంత పొడవుగా ఉంటే చిన్న తేడా అంత బలంగా బయటపడుతుంది. అదే ఇద్దరితో 11 పాయింట్లకు ఒక్క గేమ్ ఆడిస్తే, ర్యాలీకి 52 శాతం ఉన్నవాడు గెలిచే అవకాశం సుమారు 57 దగ్గరే ఆగుతుంది. అకాడమీలో పొట్టి గేమ్‌లలో ఆ అబ్బాయిని గెలుస్తున్నాడు, టోర్నమెంట్‌లో ఓడిపోతున్నాడు, కాబట్టి ఒత్తిడి తట్టుకోలేకపోతున్నాడని కొందరు తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తారు. చాలాసార్లు అక్కడ ఒత్తిడి ఏమీ ఉండదు. పొట్టి గేమ్‌లో తేడా దాక్కుంది, పొడవు మ్యాచ్‌లో బయటపడింది, అంతే.

పెద్ద వేదిక మీద జరిగిన ఒక మ్యాచ్ గుర్తు చేసుకోండి. 2017లో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో మన సింధు, జపాన్‌కు చెందిన నొజోమి ఒకుహర 110 నిమిషాలు ఆడారు. ఒకుహర 21-19, 20-22, 22-20తో గెలిచింది. రెండో గేమ్ చివరి పాయింట్ కోసం 73 షాట్ల ర్యాలీ నడిచింది, దాన్ని సింధు గెలుచుకుంది. ఆ మ్యాచ్‌లో మొత్తం 124 ర్యాలీలు జరిగితే ఒకుహరకు 63, సింధుకు 61 వచ్చాయి. ఒక్క ర్యాలీ అటునుంచి ఇటు వచ్చి ఉంటే చెరి 62. ఆ రోజు వాళ్లిద్దరి స్థాయిలో తేడా ఉందని ఈ అంకెలను చూసి ఎవరూ చెప్పలేరు. రెండేళ్ల తరువాత, 2019లో, బాసెల్‌లో అదే చాంపియన్‌షిప్ ఫైనల్లో అదే ప్రత్యర్థిని సింధు 21-7, 21-7తో ఓడించింది. అంటే 56 ర్యాలీల్లో 42. మొదటి ఫైనల్ ఓటమిని స్థాయి లోపమని తీర్పు చెప్పి ఉంటే ఎంత తప్పయ్యేదో రెండో ఫైనల్ చూపించింది. మీ అబ్బాయి కథకూ దీనికీ ఉన్న భేదం ఏమిటంటే, సింధు ఓడిన ఫైనల్ ఒక్క మ్యాచ్, మీవి ఐదు మ్యాచ్‌లు. ఒకే దిక్కుగా ఒరిగిన ఐదు మ్యాచ్‌లు కలిపితే నాలుగు వందల ర్యాలీల దాకా అవుతాయి. అన్ని ర్యాలీల్లోనూ అదే నిష్పత్తి కనబడుతుంటే దాన్ని మొత్తంగా అదృష్టం ఖాతాలో వేయడం కష్టం.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ఎక్కువ పాయింట్లు గెలిచినవాడే మ్యాచ్ గెలవాలన్న నియమం ఏదీ లేదు. 21-19, 5-21, 21-19తో గెలిచిన ఆటగాడి ఖాతాలో 47 పాయింట్లు, ఓడినవాడి ఖాతాలో 59 ఉంటాయి. టెన్నిస్‌లో దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 2019 వింబుల్డన్ ఫైనల్. ఫెదరర్ 218 పాయింట్లు, జొకోవిచ్ 204 పాయింట్లు గెలిచారు. ఐదో సెట్లో 8-7 దగ్గర ఫెదరర్ చేతిలో రెండు చాంపియన్‌షిప్ పాయింట్లు ఉన్నాయి. అయినా జొకోవిచ్ మూడు టైబ్రేకులూ గెలిచి కప్పు తీసుకున్నాడు. అదే ఫెదరర్ జీవితకాలం మొత్తం మీద 1,526 సింగిల్స్ మ్యాచ్‌లు ఆడి, దాదాపు 80 శాతం గెలిచి, పాయింట్లలో మాత్రం 54 శాతమే గెలిచానని 2024లో డార్ట్‌మౌత్ విద్యార్థులతో స్వయంగా చెప్పాడు. ఒక్క రోజు లెక్కను చూస్తే ఎక్కువ పాయింట్లు గెలిచినవాడు ఓడిపోయాడు. ఇరవై ఏళ్ల లెక్కను చూస్తే పాయింట్లలో ఉన్న ఆ నాలుగు శాతం మొగ్గే అతణ్ని ఫెదరర్‌ను చేసింది. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించడం నేను మా పిల్లలకు అలవాటు చేస్తాను.

పరుగు పందెంలో పరిస్థితి వేరు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో పి.టి. ఉష 55.42 సెకన్లలో, రుమేనియాకు చెందిన కొజొకారు 55.41 సెకన్లలో గీత దాటారు. కాంస్యం సెకనులో నూరో వంతు తేడాతో పోయింది. ఉష సగటు వేగం ప్రకారం నూరో వంతు సెకనంటే సుమారు ఏడు సెంటీమీటర్లు. ఆ ఏడు సెంటీమీటర్లు దేశం మొత్తాన్ని నలభై ఏళ్లుగా బాధపెడుతూనే ఉన్నాయి, నన్ను కూడా. కానీ అది ఒకే ఒక్కసారి జరిగిన పరుగు. మరుసటి రోజు మళ్లీ పరిగెత్తితే వరస మారి ఉండవచ్చు. పతకం ఎవరికి చెందాలో ఆ తేడా చెబుతుంది గాని, ఎవరు మెరుగైన క్రీడాకారిణి అన్నది చెప్పదు. మీ అబ్బాయి ఓటమి బయటికి ఇలాంటిదానిలాగే కనిపిస్తుంది. లోపల అది మరో జాతికి చెందినది.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఆ మూడు ర్యాలీలు ఎక్కడ పోతున్నాయి?

కొన్నేళ్ల కిందట మా దగ్గర పదహారేళ్ల అమ్మాయి ఒకామె అచ్చం ఇలాగే 18, 19 దగ్గర ఆగిపోతుండేది. స్మాష్ బాగుంది, టాస్ (వెనక గీత వైపు ఎత్తుగా కొట్టే షాట్) లోతుగా వెళ్లేది, దమ్ము ఉంది. బ్యాక్‌హ్యాండ్ బలహీనమని అందరూ అనేవాళ్లు, నేనూ నెల రోజులు దానిమీదే సాధన చేయించాను, ఫలితం రాలేదు. చివరికి ఒక మ్యాచ్‌ను మొదటి నుంచి చివరిదాకా కాగితం మీద రాశాను. ఆమె పోగొట్టుకున్న 42 పాయింట్లలో 13 పాయింట్లు ప్రత్యర్థి సర్వీసు చేసిన తరువాత నాలుగు షాట్లలోపే పోయాయి. మళ్లీ వీడియో చూస్తే కారణం కనిపించింది. చిన్న సర్వీసు అందుకునేటప్పుడు ఆమె ముందు గీతకు దాదాపు నాలుగు అడుగుల వెనక నిలబడుతోంది. ఒకప్పుడు ఎవరో ఫ్లిక్ సర్వీసుతో (చిన్న సర్వీసులా చూపించి తల మీదుగా వెనక్కి పంపేది) వరసగా పాయింట్లు లాగేస్తే భయపడి వెనక్కి జరిగిందట, తరువాత అదే అలవాటుగా మిగిలిపోయింది. వెనక నిలబడడం వల్ల కాక్ నెట్ ఎత్తులో ఉండగా అందేది కాదు. రాకెట్టు చేరేసరికి కాక్ నెట్ కిందికి దిగిపోయేది, ఇక లిఫ్ట్ చేయడం, అంటే కాక్‌ను ఎత్తుగా లేపడం, తప్ప ఆమెకు గతి ఉండేది కాదు, ఎదుటివాళ్లు స్మాష్‌కు సిద్ధంగా ఉండేవాళ్లు. నెట్ మధ్యలో ఎత్తు 1.524 మీటర్లు. అక్కడ పడుతున్న కాక్ పదో వంతు సెకనులో సుమారు ఒక అడుగు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ దిగిపోతుంది. ఆ ఒక్క అడుగే దాడి చేసేవాణ్ని, కాచుకునేవాణ్ని వేరు చేస్తుంది.

మేము చేసినదల్లా ఆమెను ఒకటిన్నర అడుగు ముందుకు జరిపి, ఎడమ కాలు ముందు పెట్టించి, రాకెట్టు తలను నెట్ ఎత్తుకు లేపి ఉంచమనడం. మొదటి వారం ఫ్లిక్ సర్వీసులకు పాయింట్లు పోయాయి, ఏడ్చింది కూడా. మూడో వారానికి ఫ్లిక్ సర్వీసు వచ్చినప్పుడు వెనక్కి వెళ్లి అందుకోవడం కుదిరింది. ఆ సీజన్‌లో ఆమె తన పాత ప్రత్యర్థులను గెలవడం మొదలుపెట్టింది. బ్యాక్‌హ్యాండ్ అప్పటికీ బలహీనంగానే ఉంది. బలహీనత కనిపించే చోటు ఒకటి, పాయింట్లు కారిపోయే చోటు మరొకటి కావచ్చని నాకు బాగా తెలిసివచ్చింది ఆ అమ్మాయి వల్లనే.

రెండోది పాదాల సంగతి. ఎదుటివాడు కాక్‌ను కొట్టే క్షణం దగ్గరే మన పాదాలు రెండూ చిన్న ఎగురుతో నేలకు దిగాలి, అప్పుడే ఏ దిక్కుకైనా తోసుకుని కదలగలం. చాలామంది పిల్లలు కాక్ రాకెట్టును వదిలిన తరువాత ఎగురుతారు. చూడడానికి ఎంతో చురుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది కూడా. అయితే ఆలస్యం మొదలయ్యేది అక్కడే. ఈ తప్పు ప్రతి షాట్‌కూ జరుగుతుంది కాబట్టి దీన్ని సరిచేస్తే వచ్చే లాభమూ ప్రతి షాట్‌కూ వస్తుంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి, ప్రత్యర్థి రాకెట్టు కాక్‌ను తాకిన చోట ఆపి, మీ అబ్బాయి పాదాలు ఎక్కడ ఉన్నాయో చూడండి. ఎగురు ఇంకా మొదలుకాకుండా ఉంటే, లేదా అసలు కదలకుండా ఉంటే, మీ మూడు ర్యాలీలలో ఒకటి దొరికినట్టే.

భయం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ మాట పిల్లల మీద తేలికగా వేసేస్తాం. ఐదు మ్యాచ్‌ల స్కోరు షీట్లు దొరికితే 16-16కు ముందు మీ అబ్బాయి ఎన్ని ర్యాలీలు గెలిచాడు, తరువాత ఎన్ని గెలిచాడు అని విడదీసి చూడండి. ముందూ తరువాతా నిష్పత్తి ఒకేలా 47 దగ్గర ఉంటే భయం పాత్ర లేదు, చివర్లో ఓడినట్టు కనిపించడానికి కారణం గేమ్ అక్కడ ముగియడమే. ముందు 50 ఉండి చివర్లో 35కు పడిపోతే అప్పుడు ఆలోచించాలి. అప్పుడు కూడా మొదట దమ్ము చూడండి, ఆ తరువాతే మనసు. రెండో గేమ్ చివర్లో కాళ్లు బరువెక్కిన పిల్లవాడు బయటినుంచి చూసేవాళ్లకు భయపడినట్టే కనిపిస్తాడు. నా అనుభవంలో భయమని తీసుకువచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి ఉన్నది అలసట.

మరొక సంగతి కూడా అడగాలి: మీ అబ్బాయి ఏ నెలలో పుట్టాడు, ఆ ప్రత్యర్థి ఏ నెలలో పుట్టాడు? మన వయసు విభాగాలకు జనవరి 1 ఆధారం. జనవరిలో పుట్టిన పిల్లవాడూ డిసెంబరులో పుట్టిన పిల్లవాడూ ఒకే విభాగంలో ఆడతారు, ఈ వయసులో పదకొండు నెలలంటే నాలుగైదు అంగుళాల ఎత్తు కావచ్చు. 1980లలో కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలు పరిశీలించినప్పుడు ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లు చాలా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. కొంచెం పెద్దవాణ్ని ముందు ఎంపిక చేస్తాం, ఎంపికైనవాడికి మంచి శిక్షణ, మంచి ప్రత్యర్థులు దొరుకుతారు, మొదట్లో నెలల తేడాగా ఉన్నది కొన్నేళ్లకు ఆట తేడాగా మారుతుంది. మీవాడు ఏడాది చివర్లో పుట్టినవాడైతే ఈ 47 శాతాన్ని నేను మంచి గుర్తుగానే చూస్తాను. ఇంకా ఎత్తు రావలసి ఉండగానే అంత దగ్గరగా ఆడుతున్నాడన్నమాట.

రాకెట్టు విషయానికి వస్తే, ఐదు గ్రాముల బరువు తేడా, గట్స్ (రాకెట్టు తీగలు) బిగింపులో రెండు పౌండ్ల తేడా ఈ స్థాయిలో ఫలితాన్ని మార్చడం నేను చూడలేదు, చెడగొట్టడం మాత్రం చూశాను. ఒక తండ్రి పెద్ద ఆటగాళ్లు వాడతారని విని పదమూడేళ్ల కొడుకు రాకెట్టుకు 29 పౌండ్ల బిగింపుతో గట్స్ వేయించారు. కాక్ సరిగ్గా మధ్యలో తగిలితే తప్ప పోలేదు, టాస్‌లు సగంలో పడ్డాయి, రెండు నెలలకు మోచేయి నొప్పి పట్టుకుంది. ఆ వయసుకు 22 నుంచి 24 పౌండ్లు సరిపోతుంది. అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి 2023లో గిన్నిస్ రికార్డు సాధించినందుకు మనందరికీ గర్వమే. కానీ ఆ స్మాష్‌ను చూసి రాకెట్టు ఎంచుకోవడం వేరే సంగతి.

ఖర్చు పెట్టాలని ఉంటే కాక్‌ల మీద పెట్టండి. మీ అబ్బాయి రోజూ నైలాన్ కాక్‌తో సాధన చేసి, టోర్నమెంట్‌లో ఈక కాక్‌తో ఆడుతున్నాడేమో కనుక్కోండి. పదహారు ఈకల కాక్ నెట్ దగ్గర తిరగబడే తీరు వేరు, వేగం తగ్గి పడే తీరు వేరు. కాక్‌కు ఇచ్చే వేగం అంకె 76 నుంచి 77కు మారితేనే పడే చోటు సుమారు ఒక అడుగు జరుగుతుంది. సరైన వేగం గల కాక్‌ను వెనక గీత మీదినుంచి చేతిని కిందినుంచి పైకి ఊపి బలంగా కొడితే అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలన్నది నియమం. ఎండాకాలం మన హాళ్లలో గాలి పలచబడి అదే కాక్ బయటికి పోతుంది. ఇది మళ్లీ మళ్లీ పనిచేసే తేడా కాబట్టి దీనికి విలువ ఉంది. టోర్నమెంట్‌కు ముందు రెండు వారాలైనా అక్కడ వాడే రకం ఈక కాక్‌తోనే ఆడించండి. అలాగే మ్యాచ్ ముందు వేసే నాణెం టాస్ గెలిస్తే ముందే సర్వీసు కోరుకోకుండా, వార్మప్‌లో గాలి ఏ వైపు నుంచి వస్తోందో చూసి కోర్టు వైపు ఎంచుకోమనండి. మూడో గేమ్‌లో 11 దగ్గర వైపులు మారతాయన్నది గుర్తుంటే ఏ సగంలో దాడి చేయాలో, ఏ సగంలో ఓపికగా ఆడాలో పిల్లవాడే నిర్ణయించుకోగలుగుతాడు.

ఇక కంప్యూటర్ గేమ్. అక్కడ కూడా చిన్న తేడాలు ఉన్నాయి, కొన్ని నిజంగానే లెక్కకు వస్తాయి. 60 హెర్ట్జ్ తెర (సెకనుకు 60 చిత్రాలు చూపేది) మీద ఒక్కో చిత్రం 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది, 144 హెర్ట్జ్ తెర మీద 6.9. వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ సర్వరు సెకనుకు 128 సార్లు ఆట స్థితిని లెక్కిస్తుంది, అంటే దాదాపు ఎనిమిది మిల్లీసెకన్లకు ఒకసారి. కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి రెండు వందల మిల్లీసెకన్ల పైనే పడుతుంది కాబట్టి ఈ పది మిల్లీసెకన్ల తేడా పెద్దది కాదనిపిస్తుంది. అయితే ఇద్దరి నైపుణ్యం సమానమైనప్పుడు ముందు పేలిన తుపాకీదే గెలుపు. మూల నుంచి బయటికి తొంగిచూసినవాడికి ఎదుటివాడు ముందు కనిపించడం, కాచుకుని ఉన్నవాడికి అతడు ఆలస్యంగా కనిపించడం కూడా ఈ నెట్‌వర్క్ ఆలస్యం వల్లనే.

బ్యాడ్మింటన్‌లో 20-15 ఉన్నా తరువాతి ర్యాలీ మళ్లీ సమానంగానే మొదలవుతుంది. వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ లాంటి ఆటల్లో అలా ఉండదు. ఐదుగురిలో ఒకడు పడిపోతే మిగతా రౌండు నలుగురితో ఆడాలి. రౌండు ఓడితే డబ్బు తగ్గి తరువాతి రౌండుకు మంచి ఆయుధాలు కొనలేరు. చిన్న ఆధిక్యం తనను తాను పెంచుకుంటూ పోతుంది. కాబట్టి అక్కడ మొదటి ఎదురుకాల్పుల విలువ షటిల్‌లో మొదటి ర్యాలీ విలువకన్నా చాలా ఎక్కువ.

ర్యాంకు పెరగకపోవడానికి మాత్రం పింగ్ ప్రధాన కారణం అయ్యే అవకాశం తక్కువ. ఆ ఆటలు ఎప్పుడూ సమాన స్థాయి వాళ్లనే ఎదురుగా నిలబెడతాయి. చదరంగం కోసం అర్పాద్ ఎలో రూపొందించిన రేటింగ్ పద్ధతిలోని ఆలోచనే వీటి వెనకా ఉంది. చదరంగంలో ఇద్దరి మధ్య వంద పాయింట్ల తేడా ఉంటే బలమైనవాడికి 64 శాతం, ఇరవై పాయింట్ల తేడా ఉంటే 53 శాతం ఫలితం రావాలని ఆ పద్ధతి అంచనా. మీవాడు మెరుగుపడిన కొద్దీ మెరుగైనవాళ్లు ఎదురవుతారు, గెలుపు శాతం మళ్లీ 50 దగ్గరికే వస్తుంది. 52 శాతం గెలిచే ఆటగాడికి వంద ఆటల తరువాత ఓటములకన్నా గెలుపులు నాలుగే ఎక్కువ ఉంటాయి, అదృష్టం వల్ల వచ్చే ఎగుడుదిగుడే అంతకన్నా పెద్దది. మా అమ్మాయి కూడా పింగ్ గురించే ఫిర్యాదు చేసేది. వైఫై మాని కేబుల్ పెట్టాక సగటు పింగ్ పెద్దగా తగ్గలేదు గాని, మధ్యలో ఒక్కసారిగా ఎగసిపడడం ఆగింది. నాకు తెలిసి డబ్బుకు తగిన ఫలితం ఇచ్చినది ఆ ఒక్క కేబులే. రాత్రి ఆట వల్ల ఉదయం ఐదున్నర సాధనకు నిద్ర చాలడం లేదేమో కూడా చూడండి. నిద్ర చాలకపోవడం వల్ల వచ్చే తేడా రోజూ పనిచేస్తుంది.

చివరిగా, మీరు చేయవలసిన పని. రాబోయే మూడు మ్యాచ్‌లలో మీ అబ్బాయి పోగొట్టుకున్న పాయింట్లు మాత్రమే రాయండి, గెలిచినవి అక్కర్లేదు. నాలుగు గడులు చాలు: సర్వీసు లేదా సర్వీసు అందుకున్నాక నాలుగు షాట్లలోపు పోయినవి, ఒత్తిడి లేకుండానే నెట్‌కు గాని బయటికి గాని కొట్టినవి, ఆలస్యంగా చేరి బలహీనంగా తిరిగి ఇచ్చినవి, ఎదుటివాడు నిజంగా బాగా ఆడి గెలిచినవి. నాలుగో గడిలోని వాటిని వదిలేయండి. మొదటి మూడింటిలో ఏది పెద్దదో దాన్ని కోచ్ గారికి చూపించి, ఆరు వారాలు దానిమీదే పనిచేయించమని అడగండి. ఒకేసారి మూడూ మొదలుపెట్టవద్దు. వీడియోకు ఫోన్ పక్కన పెట్టవద్దు, మీ అబ్బాయి ఆడే వైపు వెనక గీతకు వెనకాల, వీలైతే గ్యాలరీ ఎత్తు నుంచి, అతని పాదాలూ ప్రత్యర్థి రాకెట్టూ రెండూ ఒకే చట్రంలో వచ్చేలా పెట్టండి. గేమ్ మారగానే వైపు మారుతుంది కాబట్టి మీరూ ఫోన్‌తో అటు వెళ్లాలి. మూడు కాగితాలు సిద్ధమయ్యాక గడుల్లోని అంకెలు ఇక్కడ రాస్తే, తరువాత ఏం చేయాలో చెబుతాను.